బొగ్గుబండికి దారి

బొగ్గుబండిని ముందు పంపడానికి మనుషులున్న బండిని పక్క పట్టాల మీదికి నెట్టారు. అందువల్ల నా పెద్దబిడ్డ నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకు అందలేదు. ఆమెకు ఒక ఏడాది పోయింది. ఇది తప్పు. ఆ రోజూ తప్పే, ఈ రోజూ తప్పే.

వరదకు వంతెన కొట్టుకుపోలేదు. పట్టా విరగలేదు. ఇంజను బాగానే ఉంది, డ్రైవరు కంటినిండా నిద్రపోయి వచ్చినట్టే ఉన్నాడు. ఎవరో ఎక్కడో కూర్చుని, బొగ్గు ముందు, మనుషులు తరువాత అన్నారు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని నేను ఏళ్ళ తరబడి అడిగాను. చివరికి జవాబు దొరికింది. దానికన్నా ముందు రైళ్ళ గురించి కొంత చెప్పాలి, ఇక్కడివీ, అక్కడివీ. నాకు రైలంటే కోపమని మా కాలనీలో చాలామంది అనుకుంటారు. కోపం కాదు. రైలంటే నాకున్న ప్రేమ టికెట్లు అమ్మేవాళ్ళకు కూడా ఉండదు.

చెన్నూరు దగ్గర మా ఊళ్ళో నేను బడికి పోయింది తక్కువ, బర్రెల వెంట పోయింది ఎక్కువ. అరవై తొమ్మిదిలో బొగ్గుగనిలో పని దొరికి నస్పూర్ వచ్చేనాటికి తెలుగు కూడబలుక్కుని చదివేవాణ్ణి, అంతే. ఇంగ్లీషు నాకు స్టేషను బోర్డులు నేర్పాయి. పసుపు పలక మీద మంచిర్యాల అని తెలుగులో ఉండేది, అదే పేరు ఇంగ్లీషులో కూడా ఉండేది. మందమర్రి బోర్డు చూస్తే దానికీ మొదట అదే అక్షరం, పక్కపక్కన రెండు గుట్టలు నిలబెట్టినట్టు. ఓహో, ఇది వాళ్ళ ‘మ’ అన్నమాట అనుకున్నాను. రామగుండం దగ్గర ఇంకొకటి పట్టుకున్నాను, పెద్దపల్లి దగ్గర మరొకటి. కిటికీ పక్క సీటు కోసం నేను కొట్లాడితే జనం గాలి కోసం అనుకునేవారు. గాలి ఎవరికి కావాలి? నాకు బోర్డు కావాలి. అట్లా కాజీపేట దాకా పోయి వస్తూ పోయి వస్తూ చాలావరకు కూడబెట్టాను. దొరకని నాలుగైదు అక్షరాలు గనిలో పంపులకు బిగించిన ఇనుప రేకుల మీద దొరికాయి. ఆ చదువుతోనే ఫిట్టర్‌నయ్యాను. కాబట్టి మా ప్యాసింజరు బండి నాకు బండి మాత్రమే కాదు, బడి.

ఆ బండి అందచందాలు ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. చెక్క బల్లలు. ముగ్గురి బల్ల మీద ఐదుగురు, కాళ్ళ దగ్గర గంపలు, పైన సామాను పెట్టే చోట ఒకరో ఇద్దరో నిద్రపోతూ. ఎక్కేవాడు తలుపు దగ్గర నిలబడి “జర జరుగుండ్రి” అంటాడు. బల్ల మీద జాగా లేదని అందరికీ తెలుసు, అన్నవాడికీ తెలుసు. అయినా అందరూ జరుగుతారు, ఎక్కడినుంచో జానెడు చోటు పుడుతుంది. ఆ జానెడు ఎక్కడినుంచి పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. ఇంటర్వ్యూ వరంగల్‌లో, పొద్దున పది గంటలకు. మా కాలనీ దవాఖానలో నర్సమ్మలను చూసి చిన్నప్పటి నుంచీ అదే కావాలని పట్టుబట్టిన పిల్ల నా పెద్దబిడ్డ. వాళ్ళమ్మ లేత నీలం చీర కట్టించి, తలలో మల్లెలు పెట్టింది. పక్కింటామె తన గడియారం తీసి ఇచ్చింది. మంచిర్యాలలో తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కాం. గోదావరి వంతెన దాటాం. మా ఎదురుగా పెద్దపల్లి అంగడికి మామిడికాయల గంపతో పోతున్న ఒక ముసలమ్మ కూర్చుంది.

“ఏడికి పోతున్నవ్ బిడ్డా, గింత ముస్తాబై? పెండ్లా?”

“పెండ్లి కాదవ్వా, నర్సు ఇంటర్వ్యూకు.”

“అంటే సూది మందు ఇచ్చుడా?”

“ఇచ్చుడు నేర్చుకునుడు.”

“నేర్చుకుంటే జర మెల్లగ ఇచ్చుడు నేర్చుకో. మా ఊర్ల ఒగడున్నడు, గొడ్డును పొడిచినట్టు పొడుస్తడు.”

డబ్బా అంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపల బండి వేగం తగ్గింది. పెద్దపల్లికి ఇవతల ఒక చిన్న స్టేషను, పేరు ఎందుకులే. బండి అసలు పట్టాలు వదిలి పక్క పట్టాల మీదికి తిరిగి నిలబడింది. లూప్ లైను అంటారు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలుసు, వెనుక బొగ్గుబండి వస్తుంది.

ఎందుకు అడగలేదంటే, ఇక్కడ గని సంగతి ఒకటి చెప్పాలి. గనిలో బొగ్గు మోసే చిన్న ఇనుప బండ్లు, టబ్బులంటాం, అవి నడిచే దారి పక్కన, గోడలో, మనిషి పట్టేంత గూళ్ళు తొలిచి ఉంటాయి. టబ్బుల చప్పుడు వినబడగానే ఎంతటివాడైనా ఆ గూట్లోకి ఒదిగి నిలబడాలి. కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేర్పే మొదటి పాఠం అదే: బొగ్గు వస్తే నువ్వు పక్కకు. కొన్నేళ్ళకు అది ఒంట్లోకి ఇంకిపోతుంది. పెండ్లి బరాత్ నడుమ లారీ హారన్ కొట్టినా మావాళ్ళు చప్పున గోడకు ఒదుగుతారు, పెండ్లికొడుకు సహా. ఆ డబ్బాలో సగంమంది గనివాళ్ళే. బండి పక్కకు తప్పుకోవడం మాకు తప్పుగా తోచలేదు. మేమే గూట్లోకి ఒదిగినట్టు ఒదిగాం.

బొగ్గుబండి వచ్చింది. డబ్బాల మీద డబ్బాలు, నెత్తి దాకా నింపుకుని, భూమి అదురుతూ. మా వాళ్ళందరూ కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి ఊపారు. మా దగ్గర అదొక అలవాటు. మనం తవ్విన సరుకు ఊరు దాటిపోతుంటే సాగనంపాలి కదా.

“మా గనిదిది, సూడుండ్రి, గడ్డలెట్ల మెరుస్తున్నయో!” అన్నాడు ఒకడు.

“నీ మొకం. నీ గనిల బొగ్గెక్కడిది, అంతా మన్నేనాయె. గిది మాది” అన్నాడు ఇంకొకడు.

నేను కూడా ఊపాను. “సూడు బిడ్డా, మన బొగ్గు” అని నా పిల్లకు చూపించాను. ఆమె బొగ్గును చూడలేదు, గడియారాన్ని చూసింది.

అది పోయింది, మా బండి కదలలేదు. వెనుక ఇంకొకటి ఉందన్నారు. అప్పుడు ముసలమ్మ అడిగింది: “బిడ్డా, నీ ఇంటర్వ్యూ ఎన్ని గొట్టంగ?”

“పదిగొట్టంగ, అవ్వా.”

“అయ్యో! మరి గట్ల సప్పుడు జెయ్యక కూసున్నవేందే?” అని ఆమె లేచింది. ఆమె లేస్తే డబ్బా లేచింది. “గా తాటిచెట్ల అవుతల సడక్ ఉన్నది. లారీలు పోతయ్. దిగు, దిగు.”

మనుషులను మెచ్చుకోవాలంటే నాకు ఆ గంట చాలు. నా బిడ్డ సర్టిఫికెట్ల సంచీ ఒకరు పట్టుకున్నారు. పట్టాల పక్క కంకర మీద ఆమె జారకుండా ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. తన మామిడికాయల గంపను ఎవరో తెలియని మనిషికి అప్పగించి వచ్చింది. ఇద్దరు గనివాళ్ళు లారీని ఆపడానికి ముందుకు ఉరికారు. వద్దంటే వినకుండా ఇంకో పదిమంది దిగారు.

“గింతమంది ఎందుకమ్మా?” అన్నాను నేను.

“నీ ఒక్కని మొకం జూసి లారోడు ఆపుతడా? మందిని జూస్తే ఆపుతడు” అంది ముసలమ్మ.

నవ్వుకుంటూ, అరుచుకుంటూ, దున్నిన చేలకు అడ్డంపడి మమ్మల్ని రోడ్డుకు చేర్చారు. లారీ ఆగింది. ముసలమ్మ దాని తలుపు పట్టుకుని, “నా మనుమరాలు. శానా పరేషాన్ల ఉన్నది, జర జల్ది తోలు కొడుకా” అంది. నా బిడ్డ పేరు కూడా ఆమెకు తెలియదు. అందరూ తిరిగి బండి దగ్గరికి ఉరికారు. వాళ్ళ బండి వాళ్ళను వదిలి పోతే ఏమిటని ఒక్కరూ ఆలోచించినట్టు లేదు.

లారీవాడు పాపం గట్టిగానే తోలాడు. అయినా అందలేదు. మేం పోయేసరికి లోపలికి పిలవడం అయిపోయింది. గుమాస్తా తల ఎత్తకుండా, “వచ్చే ఏడు రామ్మా” అన్నాడు. నా బిడ్డ ఏడవలేదు. ఇంటికి వచ్చి గడియారం తుడిచి పక్కింటామెకు ఇచ్చింది. వాళ్ళమ్మ మాత్రం ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

ఆ తరువాత ఎన్నో నెలలు ఆ ప్యాసింజరులో నాకు తెలియని మనుషులు నన్ను ఆపి అడిగేవారు. “ఏమాయె, బిడ్డకు నౌకరచ్చిందా?” మామిడికాయల ముసలమ్మ కనబడినప్పుడల్లా లారీవాణ్ణి తిట్టేది, ఎంత పుణ్యాత్ముడో తెలిసి కూడా. వచ్చే ఏడు నా బిడ్డ ముందురోజే పోయి చుట్టాలింట్లో పడుకుని ఇంటర్వ్యూకు పోయింది. సీటు వచ్చింది. నర్సయింది. బండిలో ఆ మాట చెప్పగానే ముసలమ్మ అక్కడికక్కడే గంపలోంచి కాయలు తీసి అందరికీ పంచింది.

నేను మాత్రం ఊరుకోలేదు. మనుషులకన్నా బొగ్గు ఎట్లా ముందు పోతుంది అని రైలుకు సంబంధించిన బట్టలు వేసుకున్న ప్రతివాణ్ణీ అడిగాను. టికెట్ కిటికీలో ఉన్నతను, “పైనుంచి ఆర్డర్” అన్నాడు. టికెట్లు చూసేవాడు, “ముందుగాల నీ టికెట్ సూపెట్టు” అన్నాడు. ఒక గార్డు నన్ను ఎగాదిగా చూసి, “ఏం పెద్దమనిషీ, ఇంట్ల కరెంటు కావాల్నా వద్దా?” అన్నాడు.

“కరెంటు గావాలె. మరి దవాఖానల నర్సు వద్దా?” అన్నాను.

అతను నవ్వి ఆకుపచ్చ జెండా ఊపాడు. నా ప్రశ్నను రైలుతో పాటే పంపించేశాడు.

“బాపూ, ఇగ ఇడిసిపెట్టు. నాకు నౌకరచ్చింది గదా” అనేది నా బిడ్డ.

“నీకు నౌకరచ్చింది. నాకు జవాబు రాలే” అనేవాణ్ణి.

ఎనభైల చివర్లో మా గనికి ఒక కొత్త యంత్రం వచ్చింది. దాన్ని నడిపే పద్ధతి నేర్చుకోవడానికి కొందరిని ఇంగ్లండు పంపారు. పుస్తకం చదివి విప్పి బిగించగల ఫిట్టర్ కావాలన్నారు. స్టేషను బోర్డుల ఇంగ్లీషు అట్లా పనికొచ్చింది. నాతోపాటు వచ్చిన ఎలక్ట్రీషియన్‌ది మెట్‌పల్లి. అతనికి చలి పడదు, తిండి పడదు, నోరు మాత్రం ఆగదు. ఇద్దరం సెలవు రోజు వచ్చిందంటే చాలు, ఎక్కడికో ఒక దగ్గరికి రైలెక్కేవాళ్ళం.

ఆ రైళ్ళను మెచ్చుకోకపోతే నా నోరు పడిపోతుంది. ప్లాట్‌ఫారం బండి ఎత్తుకు సమానంగా ఉంటుంది. ముసలివాళ్ళు ఇంటి గడప దాటినట్టు దాటి లోపలికి పోతారు. మా దగ్గర చిన్న స్టేషన్లలో నేల మీదినుంచి మెట్లు పట్టుకుని, పైవాడు చెయ్యి లాగితే, కిందివాడు నడుము నెడితే ఎక్కాలి. అక్కడ సీటు కింద వెచ్చదనం. అద్దాలు కడిగిన కంచాల్లా ఉంటాయి. ఒకరోజు బండి కాసేపు ఆగితే, ఆలస్యమైనందుకు క్షమించమని మైకులో ఎవరో అడిగారు. నేను ఉలిక్కిపడి చుట్టూ చూశాను. ఎంతసేపు ఆగిందనుకున్నారు? మా దగ్గర అంతసేపు ఆగితే దాన్ని ఆగడం అనరు, ఇంజను ఊపిరి తీసుకుంది అంటారు.

“మనకాడ గిట్ల మాఫీ అడుగుడు మొదలువెడితే మైకు బంద్ జేసే టైమే దొరకదన్నా” అన్నాడు మెట్‌పల్లి అతను.

నాకు నవ్వు రాలేదు. ఒక రైలు మనిషికి క్షమాపణ చెప్పగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నీ బాగున్నాయని కాదు. ఆ తలుపు! ఒకసారి మేం దిగవలసిన స్టేషను వచ్చింది. తలుపుకు లోపల పిడి లేదు. తడిమాం, నెట్టాం, గుద్దాం. ఈల వేశారు, బండి కదిలింది. అప్పుడు ఒక తెల్లజుట్టు పెద్దమనిషి లేచి వచ్చి చూపించాడు. అద్దం కిందికి దించి, చెయ్యి బయటికి పెట్టి, బయటి పిడి తిప్పాలట. లోపలున్నవాడు బయటినుంచి తెరవాలి! అంత తెలివైన దేశం అంత తిరకాసు తలుపు ఎందుకు పెట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. సరే, తరువాతి స్టేషను దాకా పోక తప్పలేదు. ఆ పెద్దమనిషి ఎదురుగానే కూర్చున్నాం.

అప్పుడు చూశాను. పక్క పట్టాల మీద ఒక పొడుగాటి బండి నిలబడి ఉంది. డబ్బాల నిండా బొగ్గు. దాని ముందు ఎర్ర దీపం. అది ఆగి ఉంది, మేం పోతున్నాం. మా బండిలో నిండా జనం కూడా లేరు. పేపరు చదువుకునేవాళ్ళు, కునికిపాట్లు పడేవాళ్ళు, తలుపు తీయడం రాని మేం ఇద్దరం. మా కోసం అంత బొగ్గు ఆగింది!

నేను లేచి నిలబడి, “ఆగింది! బొగ్గు ఆగింది!” అని అరిచాను, తెలుగులోనే.

“కూసో అన్నా, ఇజ్జత్ పోతది” అని మెట్‌పల్లి అతను నా కోటు పట్టి లాగాడు.

పెద్దమనిషి ఏమైందని అడిగాడు. నా బోర్డుల ఇంగ్లీషులో చెప్పాను. మేం బొగ్గు తవ్వేవాళ్ళమని, మా దేశంలో బొగ్గు ముందు పోతుందని, నా బిడ్డ ఇంటర్వ్యూ అట్లా పోయిందని. ఆయన తల ఊపి, నిదానంగా, నాకు అర్థమయ్యేటట్టు అన్నాడు: “బొగ్గుకు ఏం తొందర? భూమి లోపల అన్ని యుగాలు కూర్చుంది కదా, ఇంకో పావుగంట కూర్చోలేదా?”

ఆ మాటకు నేను లేచి దండం పెట్టాను. ఇంటినుంచి తెచ్చుకున్న సకినాల డబ్బా తెరిచి ముందు పెట్టాను. ఒకటి తీసుకుని, ఎక్కడ కొరకాలో తెలియక తిప్పి తిప్పి చూసి, విరుచుకుని తిన్నాడు. చాలా బాగుందన్నాడు. తరువాత తన పేపరు తెరుచుకున్నాడు. ఇంటర్వ్యూ పోయిన నా బిడ్డ చివరికి ఏమైందని మాత్రం అడగలేదు. అడిగితే మర్యాద కాదనుకున్నాడేమో. నేను స్టేషను దాకా ఎదురుచూశాను.

తిరిగి వచ్చాక మా ప్యాసింజరులో ఇవన్నీ కథలుగా చెప్పాను. మాఫీ అడిగిన మైకు, ఆగిన బొగ్గు. జనం నోరు తెరుచుకుని విన్నారు. మామిడికాయల ముసలమ్మ అప్పటికి గంప మోయలేక కూతురి చేత మోయిస్తుండేది. అంతా విని అడిగింది: “గా బండ్ల పల్లీలు అమ్మకానికి వస్తయా?”

“రావవ్వా.”

“పక్కనోళ్ళతోని మాట్లాడుతరా?”

“మాట్లాడరు.”

“మరి పొద్దెట్ల పోతది కొడుకా? మాఫీ అడిగితే కడుపు నిండుతదా?” అని, నా చేతిలో ఒక కాయ పెట్టింది.

నాకు రెండూ కావాలి. ఆ పట్టాలు కావాలి, ఈ డబ్బా కావాలి. బొగ్గు ఆగే దేశంలో “జర జరుగుండ్రి” అనే మాట కూడా ఉంటే అంతకన్నా ఏం కావాలి! ఆ మాట నేను ఎవరికి చెప్పినా నవ్వారు.

తొంభైల్లో, నా రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, ఒక పగటిపూట మా ప్యాసింజరును అదే చిన్న స్టేషనులో అదే పక్క పట్టాల మీద నిలబెట్టారు. అప్పటిదాకా ఆ స్టేషనును వందలసార్లు దాటాను కానీ లోపలికి ఒక్కసారి కూడా పోలేదు. ఆ రోజు దిగాను. స్టేషను మాస్టరు గది గుమ్మంలో ఒక పెద్దాయన జెండాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మాటను బట్టి కోస్తావాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఇక్కడే పనిచేశాడట, ఎక్కడెక్కడో తిరిగి, నౌకరి ఆఖరులో మళ్ళీ ఇక్కడికే పంపారట.

“ఎనభైల మొదట్లో మీరే ఉన్నారా? ఎండాకాలం. ఒక పిల్ల, నీలం చీర” అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. “తలలో మల్లెపూలు. పెట్టెలో సగంమంది దిగి ఆ పొలాల్లోంచి నడిచారు. ఎందుకు గుర్తుండదండీ, ఈ స్టేషనులో అంతమంది దిగింది ఆ ఒక్కరోజే.”

“ఆ పిల్ల నా బిడ్డ” అని మొత్తం చెప్పాను. ఇంటర్వ్యూ, గడియారం, లారీ, పోయిన ఏడాది. చెబుతుంటే నా గొంతు పెరిగింది. చివరికి, అందరినీ అడిగిందే అడిగాను: “మనుషులకన్నా బొగ్గు ముందు పోవాలని ఎవరన్నారు?”

ఆయన జెండాలు బల్ల మీద పెట్టి, నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. ఆయన కూడా కూర్చోలేదు. గోడకున్న ఫోనును ఒకసారి చూసి చెప్పాడు:

“బొగ్గు ఆగితే నాకు వెంటనే ఫోను వచ్చేదండీ, ఎందుకు ఆపావని. మనుషుల బండి ఆగితే ఎవరూ చేసేవారు కాదు. కానీ ఈ ఫోను నేనూ చేయగలను కదా. ఎవరికో ఒంట్లో బాగాలేదనో, ఎవరిదో పరీక్ష ఉందనో ఒక్కరు ఈ గుమ్మం దాకా వచ్చి చెబితే, పైవాళ్ళను బతిమాలి ప్యాసింజరునే ముందు వదిలించిన రోజులున్నాయి. ఆ రోజు ఇక్కడే నిలబడి మీ వైపే చూస్తున్నాను. మీ పెట్టెలో వాళ్ళంతా బొగ్గుబండికి చేతులు ఊపారు. తరువాత పూలు పెట్టుకున్న అమ్మాయిని నడుమ పెట్టుకుని, నవ్వుకుంటూ పొలాల్లోకి దిగిపోయారు. ఎవరూ ఇటు తిరిగి కూడా చూడలేదు. పెళ్ళివారనుకున్నానండీ.”